లీటరుకు ఐదు కిలోమీటర్లు

దాచేపల్లి,
6-3-1986

చిన్నయ్యగారికి,

మా నాన్న నరసయ్య మీ కారు పెట్రోలు అమ్ముకున్నట్టు క్వారీ మేనేజరు గారు కాగితం రాసి, వేలిముద్ర వేయమంటున్నారు. అందుకే, మీకు రాసే చనువు లేకపోయినా రాస్తున్నాను.

మీ రెండు తలుపుల ఫారిన్ కారు లీటరుకు ఐదు కిలోమీటర్లే ఇస్తుంది. "అంబాసిడరుకు పది వస్తుంటే దీనికేంది రోగం? మిగతాది నువ్వు తాగావేందిరా?" అన్నారాయన. మెకానిక్ మక్బూల్ బాబాయి ఇంజనుకు లీటరు పెట్రోలు సీసా కట్టి, ఆయన్ని ఎక్కించుకుని నడిపి చూపించాడు. ఐదో కిలోమీటరు దాటగానే కారు ఆగింది. ఎండలో నడిచి రావాల్సి వచ్చిందని మేనేజరు గారికి కోపం ఇంకా పెరిగింది.

ఇప్పుడు, కారు కదలని రోజుల పెట్రోలు ఏమైందని అడుగుతున్నారు. మీరు మద్రాసు వెళ్తూ, ఇంజను పాడవకుండా రోజూ అరగంట ఆన్‌లో ఉంచమని నాన్నకు చెప్పారట. ఆ మాట విన్నది నాన్న ఒక్కడే. పదహారేళ్లుగా మీ బండ్లు నడిపిన మనిషి, "ముద్ర వేసేస్తే పోద్దిలేమ్మా, చానా అలిసిపోయా" అంటున్నాడు. ఆ కాగితం చదివి వినిపించింది నేనే.

మీరు అలా చెప్పిన మాట నిజమేనని రెండు వరుసలు రాయండి. ముద్ర వేయడానికి మేనేజరు గారు పెట్టిన గడువు ఈ నెల ఇరవై. పద్దెనిమిదికల్లా జవాబు అందేలా చూడండి. అప్పటిదాకా నాన్నను నేను ఆపుతాను.

ఇట్లు,
డ్రైవరు నరసయ్య కూతురు