నాన్న వేసిన బల్లలు

సోమవారం, మధ్యాహ్నం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు. కోపం వల్ల ఆరోగ్యం చెడదని నిన్ను చూశాకే తెలిసింది.

నాన్న బొమ్మల ప్రదర్శనకి రానని ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు. బతిమాలడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను. వచ్చే ఆదివారం ప్రారంభం. నాన్న పోయాక ఆయన బొమ్మలన్నీ ఒకచోట చేరడం ఇదే మొదలు. అయిపోగానే ఎవరివి వాళ్లింటికి వెళ్లిపోతాయి, మళ్లీ కూడవు.

నీ మాట అబద్ధమని అనను. గోడల నిండా నేనే. తల దువ్వుకుంటూ నేను, కిటికీ తుడుస్తూ నేను, బల్ల దగ్గర అన్నం తింటూ నేను. నీ చెవి ముక్కైనా ఎక్కడా లేదు. కన్నకొడుకు ఆయన కంటికి ఆనలేదని ఇన్నేళ్లుగా మనసులో పెట్టుకున్నావు. నేను బొమ్మ కోసం కాళ్లు పీకేదాకా నిలబడి ఉంటే నువ్వు నాన్న పక్కన నేలమీద కూర్చుని బిస్కెట్లు తినేవాడివని మాత్రం గుర్తుంది. ఏం కనిపిస్తోందిరా అని నాన్న మాటిమాటికీ నీ వైపు వంగి అడిగేవాడు. బల్ల అడుగున మేకు ఉందనో, అక్క ముక్కులో చీకటిగా ఉందనో నువ్వు విసుక్కుంటూ చెప్పేవాడివి.

అయినా నన్నేమంత అందంగా వేశాడని నీకీ ఉడుకుమోత్తనం? ఏ బొమ్మలో చూసినా నా ముక్కురంధ్రాలే. బల్లలైతే మరీ ఎత్తు. మీ నాన్న బల్ల మీద తినాలంటే నిచ్చెన వేసుకోవాలని అమ్మ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనకి కొలతలు రావని పత్రికలవాళ్లు రాశారు, మనమూ నమ్మేశాం.

వస్తే రా, లేకపోతే నీ ఇష్టం. అన్ని బొమ్మల మధ్య ఒక్కదాన్నే నిలబడాలంటే నాకు దిగులుగా ఉంది.

ఇట్లు,
నీ అక్క

తా.క. పైదంతా నిన్న రాసి సంచిలో వేసుకున్నాను. ఈరోజు హాలుకి వెళ్లేసరికి బొమ్మలింకా తగిలించలేదు, నేలమీద గోడకి ఆనించి ఉన్నాయి. మోకాళ్లు నొప్పెట్టి వాటి ఎదురుగా చతికిలబడ్డాను. అక్కణ్నుంచి చూస్తే బల్ల సరైన ఎత్తులోనే ఉంది. నా ముక్కూ సరిగ్గానే ఉంది, కింద కూర్చున్న పిల్లాడికి అక్క ముక్కు అలాగే కనిపిస్తుంది. బల్ల అడుగున ఒక మేకు కూడా ఉంది. ఒరేయ్, నువ్వు చెప్పింది చెప్పినట్టు వేశాడు నాన్న. అన్నీ నువ్వు కూర్చున్న చోటు నుంచి చూసినవే, ఇక అందులో నువ్వెలా కనిపిస్తావు?

బొమ్మలన్నీ కిందికి తగిలించమన్నాను. అంత కిందికైతే ఎవరు చూస్తారండీ అని మేకులు కొట్టేవాడు సణిగాడు. మా తమ్ముడు చూస్తాడని చెప్పాను.