భోజనశాల పిల్లర్లు

విజయనగరం, జూన్ 3

ప్రియమైన నాన్నకి,

ఫోన్‌లో నీకు వినబడదని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో పాత పిల్లర్లు భూకంపానికి తట్టుకునేలా బలపరిచే పని నాకు అప్పగించారు. పై పెచ్చులు కొట్టేసి, సన్నటి ఉక్కు తీగముక్కలు కలిపిన గట్టి కాంక్రీటును చుట్టూ రెండంగుళాల తొడుగులా పోస్తాం. వరండా పిల్లర్లు విప్పి చూస్తే కడుపు మండింది. నిలువు ఊచల చుట్టూ ఆరంగుళాలకో ఇనుప రింగు ఉండాల్సినచోట అడుగున్నరకొకటి ఉంది. నేల ఊగితే ఆ ఊచలు వంగిపోతాయి. కట్టినవాడికి పిల్లల్లేరేమో నాన్నా.

నీ అరుణ

కళింగపట్నం, జూన్ 9

నా తల్లి అరుణకి,

కట్టినవాడికి అప్పటికి పిల్లల్లేరు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఆ మేస్త్రిని నేనే.

రింగులు చాలవని కాంట్రాక్టరుతో అన్నాను. "నీకెందుకురా ఎర్రన్నా, సెప్పినట్టు పొయ్యి. నేకపోతే ఇంకో మేస్త్రి వస్తాడు," అన్నాడు. పోశాను. తర్వాత ఎప్పుడూ ఆ వీధిలోకి వెళ్లలేదు.

వెనక భోజనశాల కూడా నేనే పోశాను. తలుపు పక్క రెండు పిల్లర్లకే రింగులు సరిగా పడ్డాయి, ఆ రోజు ఇంజనీరు వచ్చాడు కాబట్టి. మిగతావన్నీ వరండావాటిలాగే. మీరు బలపరిచే పిల్లర్ల లిస్టులో ఉన్నాయో లేవో చూడు. ఈ ఉత్తరం మీ ఆఫీసు పెద్దవాళ్లకి చూపించు. నా పేరు దాచకు.

మీ నాన్న ఎర్రన్న

విజయనగరం, జూలై 22

నాన్నా,

ఇన్నాళ్లూ కోపంతో రాయలేదు. ఇప్పటికీ కొంత ఉంది.

భోజనశాల మా లిస్టులో లేదు. తలుపు పక్క పిల్లరు ఒక్కటే పరీక్షించి, బాగుందని వదిలేశాం. నీ ఉత్తరం చూపించి మిగతావి విప్పించాను. నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. రెండొందల మంది పిల్లలు మూడు పూటలా అక్కడే తింటున్నారు. ఇప్పుడు వాటికీ తొడుగు వేస్తున్నాం.

వార్డెన్ కుసుమకుమారి గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివారు. "మీ నాన్నని రమ్మను. ఏటీ అనను. ఆ పిల్లల్ని ఓసారి సూడమను," అన్నారు.

నేనూ రమ్మంటున్నాను. పాత కాంక్రీటు ఎంత గరుకుగా చెక్కితే కొత్తది అంత గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడెవరికీ అంత ఓపిక లేదు. నీకుంది.

నీ అరుణ

కళింగపట్నం, జూలై 26

తల్లీ,

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ముప్పయ్యేళ్లకి నిన్న మీ అమ్మకి సంగతంతా చెప్పాను. అంతా విన్నది. తర్వాత అటక మీద నుంచి నా ఉలి దింపి, తుప్పు గీకి, సంచిలో పెట్టింది.

మీ నాన్న