లోపలి గడియ

అమ్మా, నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగపెట్టుకోకు. ఈ కార్డు నేనే రాస్తున్నాను. మేడం తప్పులు దిద్దింది, అంతే.

బుద్ధి నెమ్మదిగా ఎదిగిన నాలాంటివాళ్లు ఎలా బతుకుతున్నారో, వాళ్లకి ఏ సాయం కావాలో తెలుసుకోవడమే ఇక్కడ మా పరిశోధన. రాసుకునేది మేడం, ప్రశ్నలు అడిగేది నేను. నిన్న ఒకావిడ ఇంటికి వెళ్లాం. ఆవిడా నాలాంటిదే, వయసులో నాకంటే పెద్దది. "మీకేం కావాలండీ?" అని అడిగానో లేదో, వాళ్ల వదిన అందుకుంది. "దానికేం తెలుసు బాబూ, వేళకింత పెడితే చాలు" అంది. నాకు ఒళ్లు మండింది. "మిమ్మల్ని తర్వాత అడుగుతానండీ" అని వదినతో చెప్పి, మళ్లీ ఆవిడ వైపే తిరిగాను. ఆవిడ చేతిరుమాలు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. అప్పుడు, "నా గదికి లోపల గడియ కావాలి" అంది. మేడం రాసుకుంది. నేను మాత్రం తర్వాతి ప్రశ్న మర్చిపోయాను.

వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? నా నీలం స్వెటర్ పంపు, ఇక్కడ చలిగా ఉంది. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకి నా నమస్కారం, నా రేడియో జోలికి వెళ్తే చెల్లికి నా తరఫున ఒక మొట్టికాయ.

చిన్నప్పుడు నేను లోపల ఇరుక్కుపోయానని నా గది గడియ పీకించేశావు కదా. అది మళ్లీ పెట్టించమ్మా. ఇప్పుడు నాకు తీయడం వచ్చు. నువ్వు తలుపు కొట్టు, నేను తీస్తాను.

నీ పెద్దాడు