అయిదో ముక్క

దేవదానం అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కాలేజీ కంప్యూటర్లో నువ్వు మొదలుపెట్టిన మన తెలుగు మెయిల్ లిస్టుని ఇప్పుడు నేనే చూస్తున్నాను. నీ గుర్తుగా, ప్రార్థన ఫెలోషిప్‌లో నువ్వు పాడిన పాటొకటి పొద్దున అందరికీ పంపాను. పెద్ద ఫైలు కదా, నువ్వు చేసినట్టే ముక్కలు చేసి, ఒక్కో మెయిల్లో ఒక్కో ముక్క పంపాను.

"పాట చాలా బావుంది" అని మన సురేష్ రాశాడు. ఇంతలో గల్ఫ్‌లో సిత్రా లేబర్ క్యాంపులో ఉండే వెల్డర్ యేసుపాదం, శుక్రవారం సెలవు కదా, నెట్ సెంటర్ నుంచి రాశాడు. "అయిదో ముక్క రాలేదు సార్. మళ్ళీ పంపండి." అందరికీ వచ్చింది, వీడికే రాలేదా అని నాకు చిరాకొచ్చింది. "వెల్డింగు చేసుకునేవాడికి ఈ కంప్యూటర్లెందుకు?" అని సురేష్‌కి జవాబిచ్చాను.

మన లిస్టులో జవాబు ఎవరికిచ్చినా అందరికీ వెళ్తుంది. అలా పెట్టింది నువ్వే. "చాటుమాటలు మనకెందుకురా" అన్నావు.

అది చదివి యేసుపాదం రాశాడు. "సారీ సార్. అన్నని అడిగిన అలవాటులో అడిగాను."

అప్పుడు వెళ్ళి చూశాను. అయిదో ముక్క నేను ఎవరికీ పంపనేలేదు. ఒక్క ముక్క తగ్గినా ఫైలు తెరుచుకోదు. నీ పాట వినాలని కూర్చున్నది యేసుపాదం ఒక్కడే అన్నా.

ఆ ముక్కా, నా క్షమాపణా ఇప్పుడు అందరికీ పంపాలి. చేతులు రావడం లేదు.

లిస్టులోంచి నీ అడ్రసు నేనింకా తీసెయ్యలేదు. నీ పాట నీకు కూడా పూర్తిగా చేరలేదు. నా మాట మాత్రం మొత్తం చేరింది.