ఐదో బెల్టు

ఏప్రిల్ 6, ఆదివారం

ఏదో జరుగుతోంది. భోజనాల దగ్గర క్లైవ్ ఉన్నట్టుండి, ఆగస్టులో అందరం స్కాట్లండ్ పోదాం, టెంటుతో చచ్చాం, ఈసారి సెకండ్‌హ్యాండ్ క్యాంపర్‌వ్యాన్ కొనేద్దాం అన్నాడు. ఈడీ కుర్చీ ఎక్కి గంతులేసింది. దానికి ఆరేళ్లు, దేనికైనా గంతులేస్తుంది. వాళ్లన్న రోవన్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, పై పడక నాది, ఎవరైనా ఎక్కారో ఊరుకోను అన్నాడు. బ్రిజెట్ నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అందరం అంటే ఎవరెవరని నేను అడగలేదు. క్లైవ్, బ్రిజెట్‌లది నన్ను తెచ్చి పెంచుతున్న నాలుగో ఇల్లు. నా సోషల్ వర్కర్ నేడీన్ నన్నిక్కడ దింపి ఏడాది దాటింది. జూలైలో రివ్యూ. ఇక్కడే ఉంటానో, ఐదో ఇంటికి పోతానో అప్పుడు తేలుతుంది. ఇలాంటి సమయాల్లో పెద్దవాళ్లు ముందు తియ్యగా మాట్లాడతారు, తర్వాత బట్టలు సర్దుకోమంటారు.

ఏప్రిల్ 12, సాయంత్రం 5

మొదటి వ్యాన్ చూశాం. గార్‌స్టాంగ్‌లో. ఐదుగురు కాళ్లు చాపుకుని పడుకోవచ్చండీ అన్నాడు అమ్మేవాడు. పడకలు నిజంగానే ఐదు. నేను సీటు బెల్టులు చూశాను. ముందు రెండు, వెనక రెండు. పక్కగా ఉన్న సోఫాకి బెల్టు లేదు. బండి నడిచేటప్పుడు దాని మీద ఎవరూ కూర్చోకూడదు, ఆగాక పడుకోవడానికే అట. క్లైవ్ తలూపి, బాగుంది కదూ అన్నాడు. ఇంకో సీటు తర్వాత బిగించుకోవచ్చట. నా చెవిలో పువ్వు కనిపిస్తోంది కాబోలు.

క్లైవ్, బ్రిజెట్, రోవన్, ఈడీ. బెల్టులు అయిపోయాయి.

వాళ్లు బయట ఇంజిన్ చూస్తుంటే నా బాటిల్‌లో ఉన్నది సగం పరుపు కింద పోశాను. తర్వాత క్లైవ్‌ని పిలిచి, ఇక్కడ చెమ్మగా ఉందేంటి అన్నాను. క్లైవ్ మోకాళ్ల మీద కూర్చుని చెక్కంతా తడిమాడు. ఒట్టు సార్, చుక్క కారదు అని అమ్మేవాడు గుండెల మీద చెయ్యేసుకున్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

ఏప్రిల్ 26

ప్రెస్టన్. మళ్లీ నాలుగే. చెమ్మ.

మే 3

కెండల్. ఇక్కడా నాలుగే. ఇక్కడా చెమ్మే. తిరిగొస్తుంటే కారులో క్లైవ్, మా కెల్సీ వెళ్లిన చోటల్లా చెమ్మ దొరుకుతోందిరా, ఇక నుంచి ఇన్‌స్పెక్టర్ ఈ పిల్లే అన్నాడు. రోవన్ పడీపడీ నవ్వాడు. మా కెల్సీ అట! నన్ను బుట్టలో వేసుకుంటున్నాడు.

మే 9

బ్రిజెట్ ఫోన్‌లో నేడీన్‌తో మాట్లాడుతోంది. నన్ను చూసి తలుపు వేసేసింది. తలుపు వేసినా వినపడింది. అయితే తనకి ఇప్పుడే చెప్పొద్దంటారా అంది.

అనుకున్నంతా అయింది.

మే 17

లాంకాస్టర్. ఐదు బెల్టులు!

వెనక వరసలో మధ్యది నేనే సొంతంగా పెట్టానండీ, మీలాంటి కుటుంబాల కోసమే అన్నాడు అమ్మేవాడు. ఇదిగో, దీని కోసమే కదా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాం అని క్లైవ్ వాడి వీపు తట్టాడు. నేను వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను. బెల్టు టక్కున పడింది. కాసేపు అలాగే ఉన్నాను. చాలా బాగుంది. అంత బాగుండేసరికి అనుమానం వచ్చింది. గట్టిగా లాగాను. కింద పెట్టె కిర్రుమంది.

ఎవరూ లేనప్పుడు కుషన్ ఎత్తి చూశాను. బెల్టు బోల్టు ప్లైవుడ్‌లోకి దిగి ఉంది. పైన తెల్ల రంగు కొట్టేశారు. బోల్టు బండి ఇనుములోకి దిగాలి, చెక్కలోకి దిగితే గట్టి బ్రేకుకి సీటుతో సహా ఊడొస్తుంది. వారమంతా క్లైవ్ చూస్తున్న వీడియోల్లో అదే గోల.

కుషన్ మళ్లీ పెట్టేశాను. వచ్చే శనివారం తీసుకెళ్తామని క్లైవ్ చెయ్యి కలిపాడు.

మే 18

చెప్తే ఆ సీటు పోతుంది. చెప్పకపోతే అందులో కూర్చునేది నేనే. నా ఇష్టం.

మే 20

మధ్య సీటు తనదేనట. ఈడీ ప్రకటించింది. అక్కడైతే ఒక పక్క అన్నయ్య, ఒక పక్క కెల్సీ ఉంటారట. అది నాది, చెయ్యేశావంటే చంపేస్తా అని అరిచాను. అది ఏడ్చింది. చిన్నపిల్లతో నీకు పోటీ ఏంటి తల్లీ, దాన్ని కూర్చోనీ అంది బ్రిజెట్.

అన్నం సహించలేదు.

మే 22

క్లైవ్ షెడ్డులో ఉంటే వెళ్లి చెప్పేశాను. అతను, ఈసారి బాటిల్‌లో ఏం తీసుకెళ్లావు అన్నాడు.

తెలుసట! కెండల్‌లోనే తెలిసిందట. చెమ్మ ఊదా రంగులో ఉండదమ్మా, బ్లాక్‌కరంట్ జ్యూస్ వాసన అసలే రాదు అన్నాడు. ఆ అమ్మేవాళ్లు ముగ్గురికీ ఫోన్ చేసి క్షమాపణ కూడా చెప్పాడట. మరి నన్ను తిట్టలేదేం అంటే, ఎందుకు పోస్తున్నావో నువ్వే చెప్తావని చూస్తున్నా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నాలుగు బెల్టులు, ఐదుగురు మనుషులు, ఇంకా చెప్పాలా అని గొంతు చించుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. సిగ్గుచేటు.

క్లైవ్ చేతిలో సుత్తి కింద పెట్టి, అది నాకు తట్టలేదు, బుద్ధి లేదు నాకు అన్నాడు. నమ్మాలా వద్దా?

మే 24

లాంకాస్టర్ వెళ్లాం. క్లైవ్ కుషన్ ఎత్తాడు. ఇన్నేళ్లూ ఏం కాలేదు కదండీ అన్నాడు అమ్మేవాడు. అక్కడ కూర్చునేది నా పిల్లలయ్యా అని క్లైవ్ వీధంతా వినపడేలా అరిచాడు. అతను అరవడం నేనెప్పుడూ వినలేదు.

పిల్లలు అంటే ఈడీ, రోవన్ అయి ఉంటారు. ఆ బేరం పోయింది. ఇక నాలుగు బెల్టులదే కొంటారు.

జూన్ 7

ఇన్‌స్పెక్టర్‌ని తీసుకెళ్లకుండానే కొనేశారు. బ్రిజెట్, క్లైవ్ ఇద్దరే వెళ్లారు. కిటికీలోంచి చూశాను. క్యాంపర్‌వ్యాన్ కాదు. ఏదో బడి వదిలించుకున్న మినీబస్. పసుపూ కాదు, గోధుమా కాదు, ఛీ, అదేం రంగో. లోపల తొమ్మిది సీట్లు, తొమ్మిది బెల్టులు. పడక ఒక్కటీ లేదు.

పడుకోవడం ఎలా, గుర్రాల్లా నిలబడా అన్నాడు రోవన్. పడకలైతే నేను చెయ్యగలనురా, బెల్టులు నా వల్ల కాదు, వెనక సీట్లు తీసేసి అక్కడ పడకలేస్తా అన్నాడు క్లైవ్. ప్రతి సీటు కిందా దూరి చూశాను. అంతా ఇనుమే.

మేం ఐదుగురమే కదా. తొమ్మిదెందుకు? ఇంకెవర్ని తెస్తున్నారు?

జూలై 5

మంగళవారం రివ్యూ. క్లైవ్ పడకలు కోస్తున్నాడు. నన్ను గోడకి నిలబెట్టి టేపుతో కొలిచాడు. చెక్క కోశాక చూస్తే నాకంటే జానెడు పొడుగుంది. కొలత తప్పింది అన్నాను. తప్పలేదే, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఇంతే ఉంటావా ఏంటి అన్నాడు.

చెక్క నేల మీద వేసి పడుకుని చూశాను. కాళ్ల దగ్గర చాలా ఖాళీ ఉంది.