ఇన్‌స్పెక్షన్ కోసం వేసిన రంగు

మార్చి 3, సోమవారం

ఓపీ అయ్యాక చిన్న డాక్టర్ నన్ను రూమ్‌కి పిలిచాడు. బిల్డింగ్ అమ్మేస్తున్నాడట. కూర్చోమని కూడా అనలేదు. ఇది కూల్చేసి ఆరంతస్తులు కడతారట. మేట్రన్ గారూ, కొత్త దాంట్లో మీకు రిసెప్షన్‌లో ఏదో ఒకటి చూద్దాంలెండి అన్నాడు. ముప్పై ఒక్కేళ్లు ఆపరేషన్ థియేటర్ నడిపినదాన్ని. ఏదో ఒకటి అట.

ఒళ్లు మండిపోయింది. వీడు పుట్టింది కూడా ఇక్కడే, పైన మూడో రూమ్‌లో. వీడి నాయనమ్మ, మా పెద్ద డాక్టరమ్మ, దగ్గరుండి కట్టించుకున్న పన్నెండు బెడ్ల ఆస్పత్రి. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, పోనీలే, నీ మోకాళ్లకి రెస్టు అన్నాడు. ఇక ఆయనతో మాట్లాడను.

మార్చి 4

మాట్లాడలేదు. కాఫీ ఇచ్చాను, అంతే.

మార్చి 7, శుక్రవారం

పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. డెబ్బై ఐదేళ్లు దాటిన బిల్డింగ్ ఏది కూల్చాలన్నా ముందు వాళ్లు చూసి గ్రేడ్ ఇవ్వాలట. మంచి గ్రేడ్ వస్తే ఎవరూ ముట్టుకోవడానికి లేదట. చిన్న డాక్టర్ మొహం చూడాలి, ఆముదం తాగినట్టు పెట్టాడు. ఆ పిల్ల పొద్దస్తమానం టేపు పట్టుకుని కొలుస్తూనే ఉంది. మా ఆయమ్మ అప్పుడే టేపు పిల్ల అని పేరు పెట్టేసింది.

నేనే అంతా తిప్పి చూపించాను. ఈ ఆస్పత్రిలో గోడకీ గోడకీ మధ్య మూల ఉండదు. గోడ గుండ్రంగా తిరిగి ఇంకో గోడ అవుతుంది. నేల దగ్గరా అంతే. మూల ఉంటే మురికి ఉంటుందని పెద్ద డాక్టరమ్మ మేస్త్రీ చేత మూడుసార్లు కొట్టించి మళ్లీ కట్టించిందట. నేను చేరేనాటికి ఆవిడకి డెబ్బై దాటాయి. అయినా రోజూ తడిగుడ్డ తీసుకుని తనే ఒకసారి తుడిచి చూసేది. థియేటర్ కిటికీ ఉత్తరం వైపు, నేల నుంచి కప్పు దాకా. టేబుల్ మీద నీడ పడదు. కరెంటు పోయినా ఆపరేషన్ ఆగిన రోజు లేదు.

టేపు పిల్ల థియేటర్ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయింది. లేత ఆకుపచ్చ గచ్చు, అద్దంలా ఉంటుంది. ఇలాంటి పని తను ఇంకెక్కడా చూడలేదంది. 21న కమిటీ ఇన్‌స్పెక్షన్ అని చెప్పి వెళ్లింది.

మార్చి 10

ఇన్‌స్పెక్షన్ అంటే ఏం చెయ్యాలో నాకు ఒకరు నేర్పాలా? లైసెన్సు ఇన్‌స్పెక్షన్లు ఇరవై దాకా దాటించాను. ఒక్కడూ ఒక్క మచ్చ చూపించలేకపోయాడు. ఈ కమిటీ చేతా అనిపిస్తాను, ఇలాంటి ఆస్పత్రి ఇంకోటి లేదని.

వెళ్లి చిన్న డాక్టర్‌ని పెయింటర్ కావాలని అడిగాను. ఒక్క క్షణం నా వంక చూశాడు. తప్పకుండా మేట్రన్ గారూ, మంచి పెయింటే వేయించండి అన్నాడు. కాస్త సిగ్గొచ్చినట్టుంది.

మార్చి 18

అయిపోయింది. వార్డులు, థియేటర్, కిటికీలు, అన్నీ తెల్ల ఎనామెల్. ఆయమ్మ కొత్త పెళ్లికూతురిలా ఉందమ్మా అంది. నాకూ అలాగే అనిపించింది.

మార్చి 21, సాయంత్రం 4

ముగ్గురు వచ్చారు. థియేటర్ గుమ్మంలోనే ఆగిపోయారు. వాళ్లలో పెద్దాయన గోడని గోటితో గీకి, ఇది ఎవరు చేశారని అడిగాడు. నేనే దగ్గరుండి వేయించానండీ అని గొప్పగా చెప్పాను.

గొప్పగా చెప్పాను.

టేపు పిల్ల వెళ్లి థియేటర్‌కి ఎక్కే ర్యాంపు మీద కూలబడింది. ఒరిజినల్ సర్ఫేస్ పోయాక చూడ్డానికి ఏముందమ్మా అన్నాడు పెద్దాయన. కోపంగా కూడా అనలేదు. గ్రేడ్ రాదు. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలట. చిన్న డాక్టర్ గేటు దగ్గర చేతులు కట్టుకుని, నేనేం చేశానండీ, అంతా మేట్రన్ గారే అంటున్నాడు.

సాయంత్రం 6

వాడికి తెలుసు. ఆ రోజు నా వంక చూశాడే, అప్పుడే తెలుసు. కూలగొట్టడానికి వాడికి మనిషి కావాలి, నేను బకెట్టు పట్టుకుని ఎదురెళ్లాను. ఆ పిల్లకి నోరు లేదా, రంగు వెయ్యొద్దని ఒక్క ముక్క చెప్పడానికి? నాకు బుద్ధి లేదా, అడగడానికి? ఇన్నేళ్లలో ఏ నర్సు పొరపాటు చేసినా చీల్చి చెండాడాను. ఇప్పుడు నన్ను ఎవరు తిడతారు?

మార్చి 24

టేపు పిల్ల ఒక్కతే వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విని, తప్పు నాదీ ఉందండీ, చెప్పాలని తట్టలేదు అంది. మంచినీళ్లు ఇచ్చాను. పాత గోడ బయటపడితే కమిటీ మళ్లీ చూస్తుందట. కెమికల్ వాడితే గచ్చుని తినేస్తుంది, చేత్తోనే తియ్యాలి, ఎవరు తీస్తారండీ అంది.

మార్చి 26

ఇరవై రెండో నంబరు సర్జికల్ బ్లేడు. పడుకోబెట్టి తోయాలి, గుచ్చకూడదు. పుండు మీద చెక్కు లేచినట్టు రంగు లేస్తోంది. ఉప్పుకాగితంతో రుద్దితే థియేటర్‌లో దుమ్ము పడుతుందని ఆ పెయింటర్‌ని నేనే రుద్దనివ్వలేదు. రంగు పట్టదమ్మా అని వాడు గొణిగాడు. పట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా కూర్చుంటే ఈ రోజుకి జానెడు గోడ, చెయ్యి అలవాటు పడితే ఇంకా వస్తుంది.

ఏప్రిల్ 2

వార్డుల్లో రంగు రావడం లేదు. అక్కడ నేను లేనప్పుడు శుభ్రంగా రుద్దేసి వేశాడు. బ్లేడు పెడితే గచ్చు కూడా ఊడి వస్తోంది. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

ఏప్రిల్ 6, ఆదివారం

మా ఆయన కళ్లజోడు పెట్టుకుని వచ్చేశాడు. నువ్వు వంగలేవు, కింది భాగం నేను చూస్తా అన్నాడు. ఆయమ్మ కిటికీ పట్టింది. ఆయన చెయ్యి వంకర, మూడుసార్లు తిట్టాను. మొత్తానికి నోరు విప్పావు అన్నాడు.

ఏప్రిల్ 18

కమిటీ మళ్లీ వచ్చింది. పెద్దాయన ఈసారి గోటితో గీకలేదు. అరచెయ్యి పెట్టాడు. చిన్న డాక్టర్ రాలేదు.

ఏప్రిల్ 29

ఆర్డరు వచ్చింది. థియేటర్, దానికి వెళ్లే ర్యాంపు ఉంటాయి. వాటిని ముట్టుకోకుండా చుట్టూ కట్టుకోవాలట. వార్డులు కూల్చుకోవచ్చు. రంగు లేకపోతే మొత్తానికీ గ్రేడ్ వచ్చేదని టేపు పిల్ల చెప్పలేదు. నేనే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాను. పన్నెండు బెడ్ల గదులు. నా చేత్తోనే.

ఆయమ్మ స్వీట్లు తెచ్చింది. తినలేదు.

మే 5

చిన్న డాక్టర్ బిల్డర్‌ని వెంటబెట్టుకుని థియేటర్ చూపించడానికి వచ్చాడు. బూట్లతో. గుమ్మానికి అడ్డంగా నిలబడి విప్పమన్నాను. ఇద్దరూ విప్పారు. సాక్సులు కూడా విప్పించాను.