ఎస్తేరును ఇంటికి పంపిన మాట

పూజ్యులైన నాయినకు, అమ్మకు మీ కూతురు సువార్త చేతులెత్తి చేసే వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ ఇద్దరి ఒంట్లో, వదిన ఒంట్లో ఎలా ఉందో అన్నతో రాయించండి. అన్నా, నువ్వు చదివేటప్పుడు అమ్మ ఏడిస్తే జర ఆగి చదువు.

కృష్ణ దాటితే ఇంత ఉక్క ఉంటుందనుకోలేదు. కట్టిన బట్ట ఎప్పుడూ చెమటతో తడిసే ఉంటుంది. రెండు పూటలా వరి అన్నం పెడతారు. కడుపు నిండుతుంది గానీ జొన్నరొట్టె తిన్నట్టుండదు. ఎవరైనా ఇటు వస్తే నాలుగు రొట్టెలు ఎండబెట్టి పంపండి. దవాఖానలో నర్సు చదువంటే ముందు పుండ్లు కడగడం, జ్వరం చూడడం నేర్చుకుంటున్నాను. నేను నోరు తెరిచి ‘గిట్ల’ అన్నానంటే తక్కిన అమ్మాయిలు ఆ పూటంతా నన్ను అలాగే పిలుస్తారు. నవ్వనిది ఎస్తేరు ఒక్కతే. ఆమెది మన తిరుమలగిరికి దగ్గరే, హాలియా పక్క పల్లె. ఇద్దరం మన మాటే మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడామె ఇక్కడ లేదు నాయినా.

వాళ్లమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చింది. మాకు పెద్దయిన దొరసానిని సెలవడిగితే, పరీక్షలయ్యేదాకా కుదరదు, డిసిప్లిన్ అన్నది. ఆ మాట మేము రోజూ వింటాం. జడ వదులైనా అదే, గట్టిగా నవ్వినా అదే. ఎస్తేరు గదికొచ్చి సంచి సర్దుకుంది.

"చెప్పకుండ పోతే మళ్ల రానియ్యరే," అన్నాను.

"రానియ్యకుంటే మానె. నేనొచ్చేదాంక మా అమ్మ పాణం ఆగుతదా?" అని వెళ్లిపోయింది.

మాకు ఇంగ్లీషు చెప్పే ముసలి పంతులుగారిని డిసిప్లిన్ అన్న మాటకు అర్థం అడిగాను. లాటిన్ అనే పాత భాషలో నేర్చుకునేవాణ్ణి, అంటే శిష్యుణ్ణి, పిలిచే మాట నుంచి అది పుట్టిందట. ఇంగ్లీషు బైబిల్లో ప్రభువు శిష్యులకున్న డిసైపుల్స్ అన్న పేరూ అక్కడిదేనట.

"మరి దాంట్ల దెబ్బ ఎట్ల జొచ్చిందయ్యగారూ?"

"నేర్పడానికి కొట్టారమ్మా. చివరికి వాళ్ల దేశపు సన్యాసుల మఠాల్లో కొరడాకే ఆ పేరు పెట్టారు. మన శిక్ష అన్న మాట మాత్రం వేరా? సంస్కృతంలో దానికి చదువనే అర్థం," అంటూ ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఎస్తేరు తల్లిని మట్టి చేసి వచ్చింది. చివరి చూపు దక్కిందట. దొరసాని మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి ఎస్తేరు నర్సు టోపీ తీయించింది. డిసిప్లిన్ లేని పిల్ల ఇంటికి పోవాలన్నది. నా నోరు ఆగలేదు.

"అమ్మగారూ, ఆ మాటకు నేర్చుకునుడని అర్థమంట. ఎల్లగొడితే ఆమె ఎట్ల నేర్చుకుంటది?"

ఈసారి నా మాటకు ఎవరూ నవ్వలేదు. దొరసాని కోపగించలేదు. ఉన్నట్టుండి ముసలిదైపోయినట్టు కనిపించింది.

"మా అమ్మ పోయినప్పుడు నేను ఇదే వార్డులో ఉన్నాను. వెళ్లలేదు. నేను అలా నేర్చుకున్నాను," అన్నది తెలుగులోనే. తర్వాత మమ్మల్ని పనిలోకి పొమ్మన్నది గానీ ఎస్తేరును ఉండమనలేదు. ఆ మధ్యాహ్నం బస్సులో ఎస్తేరు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి గదిలో ఆమె మంచం ఖాళీగా ఉంది. దొరసానిని చూస్తే భయం కన్నా జాలి ఎక్కువగా కలుగుతోంది. అన్నా, హాలియా పోయినప్పుడు ఎస్తేరును ఒకసారి చూసిరా.

నాయినా, మీలో ఎవరికైనా బాగాలేకపోతే నా చదువు చెడుతుందని దాచకండి. సెలవడుగుతాను. ఇవ్వకపోయినా వస్తాను. అప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి, అడిగి వచ్చినవా అని మాత్రం నన్ను అడగొద్దు.

అవ్వకు, పెద్దలందరికీ నా వందనాలు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

మీ దీవెన కోసం కాచుకున్న బిడ్డ,
సువార్త